ముందు పన్ను క్యాప్ పక్క పన్నుతో కలిసిపోవాలంటే ఏది వేయించుకోవాలి?

బ్రాడీపేట లెక్చరర్, గుంటూరు

నమస్కారమండి. పై వరుసలో నడిమి పళ్లు రెండింటిలో కుడివైపుది నాకు క్యాప్. హైస్కూల్లో ఉండగా సైకిలు మీద నుంచి పడి పన్ను విరిగితే రూట్ కెనాల్ చేసి, లోపల లోహం, పైన పింగాణీ ఉండే క్యాప్ వేశారు. చాలా ఏళ్లు దాని సంగతే పట్టించుకోలేదు. ఇప్పుడు చిగురు కొద్దిగా పైకి జరిగి, క్యాప్ అంచు దగ్గర బూడిద రంగు గీత బయటపడింది. పక్క పన్ను వయసుతో పాటు కాస్త పసుపు తిరిగింది, ఇది మాత్రం వేసిననాటి తెలుపులోనే ఉండిపోయింది. ఫోటో తీస్తే ముందు అదే కనిపిస్తుంది.

మార్పించుకుందామని వెళ్తే కొత్తపేటలో ఒక డాక్టరు గారు జిర్కోనియా అనే పదార్థంతో చేసే క్యాప్ అన్నారు. విజయవాడ సూర్యారావుపేటలో ఇంకొకరు ముందు పళ్లకు ఈ-మ్యాక్స్ తప్ప ఏదీ పనికిరాదన్నారు. మూడో చోట ఒక్క పన్ను ఎందుకు, ముందు పళ్లు ఆరూ చేసేద్దామని కంప్యూటర్లో నా ఫోటో మార్చి చూపించారు. ఆ ఫోటోలో ఉన్నది నేను కాదు, నా పోలికలున్న ఎవరో టీవీ యాంకరు.

నాకు మెరిసే పళ్లు అక్కర్లేదు. రెండు పళ్లూ ఒకే నోటివి అనిపిస్తే చాలు. వేయించుకున్నవాళ్లు, పని తెలిసినవాళ్లు చెప్పండి.

వన్‌టౌన్ హోల్‌సేల్, విజయవాడ

కళ్లు మూసుకుని జిర్కోనియా వేయించుకోండమ్మా. నాకు దవడ పన్నుకు వేశారు, గ్యారంటీ కార్డు కూడా ఇచ్చారు. వక్కలు నమిలేస్తున్నాను.

కరెన్సీనగర్ కోడలు, విజయవాడ

బాబాయి గారూ, మీ దవడ పన్ను మీకూ మీ డాక్టరుకూ తప్ప ఎవరికి కనిపిస్తుంది? ఆవిడ అడుగుతున్నది ముందు పన్ను. నాకు ముందు పన్నుకే వేశారు జిర్కోనియా, పాత రకం. గట్టిగా ఉంది, కాదనను. కానీ ఎటు నుంచి చూసినా ఒకటే తెలుపు, లోతు లేదు. మా అత్తగారు చూసిన మొదటి రోజే “ఇది కట్టించుకున్నదా?” అని అడిగారు. ఆవిడకు చత్వారం కూడా ఉంది.

పింగాణీ పని, విజయవాడ

నేను డెంటల్ ల్యాబులో సెరామిక్ పని చేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చు మీదో స్కాన్ మీదో క్యాప్ తయారుచేసేది మేమే. రోగి ముఖం మాకు కనిపించదు. ల్యాబు చీటీ మీద ‘ఏ2’ అని పన్ను రంగు గుర్తు రాసి ఉంటుంది, అంతే. తంటా సగం అక్కడే మొదలవుతుంది.

ముందు మెటీరియల్ గొడవ. మీకు ఇప్పుడున్నది మెటల్ సెరామిక్. లోహపు టోపీ మీద పింగాణీ కాల్చే ఈ పద్ధతికి అమెరికాలో 1962లో పేటెంటు వచ్చింది. ఇన్నేళ్లుగా నమ్మకంగా పనిచేస్తూనే ఉంది, దాన్ని చులకన చేయను. చిక్కల్లా, లోహం కనిపించకుండా ముందు ఒక దట్టమైన పూత వేయాలి. వెలుతురు ఆ పూత దగ్గరే ఆగి వెనక్కి వస్తుంది. అసలు పన్నులో అయితే వెలుతురు లోపలికి పోయి, చెదిరి, కొంత చిగురులోకీ దిగుతుంది. లోహం ఆ దారి మూసేస్తుంది కాబట్టి చిగురు అంచున నీడ పడుతుంది. చిగురు జరిగితే లోహపు అంచే బయటపడుతుంది. మీరు చెప్పిన గీత అదే.

జిర్కోనియా అంటే ఒకటే రకం అనుకుంటారు. మొదట వచ్చినది 900 నుంచి 1200 మెగాపాస్కల్స్ (బలాన్ని కొలిచే లెక్క) దాకా తట్టుకుంటుంది, కానీ వెలుతురును పెద్దగా పోనివ్వదు. కరెన్సీనగర్ చెల్లెమ్మకు వేసింది అదే అయి ఉండాలి. అందులో కలిపే ఇట్రియా అనే పదార్థం పాలు పెంచితే వెలుతురు పోతుంది, బలం తగ్గుతుంది. ముందు పళ్లకని అమ్మేవి ఇవి. ఇక ఈ-మ్యాక్స్ అనేది లిథియం డైసిలికేట్ అనే గాజు జాతి సెరామిక్‌కు ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. 2005లో వచ్చింది. బలం సుమారు 400 మెగాపాస్కల్స్. జిర్కోనియాతో పోలిస్తే తక్కువే, అయినా ముందు పన్నుకు సరిపోతుంది. వెలుతురు విషయంలో అసలు పన్నుకు బాగా దగ్గర.

క్యాప్ కోసి తీసే ఈ-మ్యాక్స్ దిమ్మె యంత్రంలో పెట్టేటప్పుడు నీలం రంగులో ఉంటుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. కోసిన క్యాప్ కూడా నీలంగానే చేతికి వస్తుంది. కొలిమిలో 840, 850 డిగ్రీల దగ్గర స్ఫటికాలు కట్టాకే పన్ను రంగు తేలుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు మొదటిసారి కొలిమి తలుపు తెరిచినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. జిర్కోనియాను సుద్దముక్కంత మెత్తగా ఉండగా కోస్తాం. 1500 డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే సుమారు ఐదో వంతు కుంచించుకుపోతుంది కాబట్టి ముందే ఆ మేరకు పెద్దగా కోయాలి.

ఏ దిమ్మె అయినా యంత్రం నుంచి వచ్చిన క్యాప్‌తో పని అయిపోదు. అసలు పన్ను చిగురు దగ్గర ముదురుగా, నడుమ తేటగా, కొరికే అంచు దగ్గర కాస్త నీలి బూడిద ఛాయతో పలచగా ఉంటుంది. పైన సన్నటి అడ్డగీతలు, ఎత్తుపల్లాలు ఉంటాయి. అవన్నీ పింగాణీ పొడి కలిపి కుంచెతో పొరలు పొరలుగా వేసి, కాల్చి, మళ్లీ వేసి, మళ్లీ కాల్చి తీసుకురావాలి. గరుకు తీసేసి నున్నగా మెరుగుపెడితే ఎంత మంచి మెటీరియల్ అయినా క్యాప్ అని ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి ఏ కంపెనీ దిమ్మె అని కాక, పొరలు వేసేది ఎవరని అడగండి. షేడ్, అంటే పన్ను రంగు, చూసే రోజు ల్యాబు మనిషిని పిలుస్తారా, లేదా మిమ్మల్ని ల్యాబుకు పంపుతారా అని కూడా అడగండి. ఊళ్లోని ల్యాబయితే ఇది కష్టమేమీ కాదు. డాక్టరు గారు విసుక్కుంటే వేరేచోటు చూసుకోండి.

సత్యనారాయణపురం తాతగారు, విజయవాడ

నావి రాత్రి గ్లాసులో పడుకుంటాయి కనుక ఈ రంగుల గొడవ నాకు లేదు. చదవడానికి మాత్రం బాగుంది, కానివ్వండి.

క్యాప్‌ల డాక్టరమ్మ, గుంటూరు

కట్టుడు పళ్లు, క్యాప్‌ల విభాగంలో ఎం.డి.ఎస్. చేసి ప్రాక్టీసు చేస్తున్నాను. నోరు చూడకుండా మీకిది వేయించుకోండి అని చెప్పను. ల్యాబు మిత్రులు చెప్పినవాటితో ఏకీభవిస్తూ, వారు వదిలేసిన ఒక ప్రశ్న వేస్తాను. లోపల మిగిలిన మీ పన్ను రంగు ఏమిటి?

రూట్ కెనాల్ చేసిన పన్ను, ముఖ్యంగా దెబ్బ తగిలి నరం చచ్చిన పన్ను, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ, బూడిద రంగుల్లోకి తిరుగుతుంది. పైన వెలుతురు పోనిచ్చే క్యాప్ వేస్తే లోపలి నలుపు కూడా పైకి కనిపిస్తుంది. క్యాప్ చేతిలో ఉన్నప్పుడు అద్భుతంగా ఉంటుంది, నోట్లో పెట్టగానే మాసిపోతుంది. అందుకే పాత క్యాప్ తీసి లోపల చూడకుండా ఈ-మ్యాక్సా, జిర్కోనియానా అని ముందే తేల్చడం తొందరపాటు. లోపలి పన్ను రంగుకు కూడా షేడ్ గైడ్ (పక్కన పెట్టి పోల్చి చూసే రంగుల నమూనా) ఉంటుంది. అది కూడా ల్యాబు చీటీ మీద రాయాలి.

వేరులో కడ్డీ ఉందేమో ఎక్స్‌రే తీయించండి. పోస్ట్ అంటారు దాన్ని. పాతకాలపు పని కాబట్టి లోహపుదే అయి ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పుడు వేసే ఫైబర్ పోస్టులు పన్ను రంగుకు దగ్గరగా ఉంటాయి.

ఇది చదువుతున్న మిగతావారికి ఒక మాట. రూట్ కెనాల్ అయిన ప్రతి ముందు పన్నుకూ క్యాప్ వేయాల్సిన పని లేదు. దవడ పళ్ల సంగతి వేరు, వాటి మీద నమిలే బరువు పడుతుంది. ముందు పన్ను చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటే రంధ్రాన్ని పన్ను రంగు పూడిక పదార్థమైన కాంపోజిట్‌తో పూడ్చేస్తే సరిపోతుంది. నల్లబడితే లోపలి నుంచే మందు పెట్టి తెల్లబరిచే పద్ధతి ఉంది. సోడియం పెర్బోరేట్‌ను నీటితో కలిపి పన్ను లోపల పెట్టి మూసి పంపిస్తాం, కొన్ని రోజులకు మారుస్తాం. వేరు మొదట్లో సరైన అడ్డుగోడ వేసి చేయాలి, లేకపోతే వేరు అరిగే ప్రమాదం ఉంది. అది కుదిరితే పన్నును చుట్టూ అరగదీసే అవసరమే రాదు.

షేడ్ ఎలా చూడాలో రాస్తాను, ఎందుకంటే తేడాలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. మేం వాడే వీటా క్లాసికల్ గైడ్‌లో 16 రంగులుంటాయి. ఏ అంటే ఎరుపు కలిసిన గోధుమ, బీ ఎరుపు కలిసిన పసుపు, సీ బూడిద, డీ ఎరుపు కలిసిన బూడిద. పన్ను అరగదీయక ముందే, నోరు తడిగా ఉండగానే రంగు చూడాలి. నోరు తెరిచి ఉంచి పని చేస్తే పళ్లు ఆరిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి. మళ్లీ మామూలు రంగుకు రావడానికి గంటలు పడుతుంది. పని అంతా అయ్యాక చివర్లో షేడ్ చూస్తే క్యాప్ తెల్లగా రాక ఏమవుతుంది? లిప్‌స్టిక్ తుడిచేయాలి. ముదురు రంగు చీరైతే పైన బూడిద రంగు గుడ్డ కప్పుతాం. గైడ్‌ను పన్ను పక్కన పెట్టి ఐదారు క్షణాలకు మించి చూడకూడదు, కన్ను అలసిపోయి రెండూ ఒకటే అనిపిస్తాయి.

మిగతా పళ్లను తెల్లబరిపించుకోవాలనే ఆలోచన ఉంటే అది ముందే చేయించుకోవాలి. క్యాప్ వేశాక దాని రంగు ఏ మందుతోనూ మారదు. తెల్లబరిచాక కనీసం రెండు వారాలు ఆగి షేడ్ తీసుకోవాలి.

ఫోటో స్టూడియో, గవర్నర్‌పేట

వెలుతురు గురించి నేను చెప్పవచ్చనుకుంటాను. పట్టపగలు ఒకేలా కనిపించిన రెండు రంగులు ట్యూబులైటు కింద వేర్వేరుగా కనిపించవచ్చు. బట్టల షాపులో మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి చూస్తారే, ఆడవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. క్లినిక్ కుర్చీ మీది లైటు కింద చూసి ఒప్పుకోవద్దు. కిటికీ దగ్గర నిలబడి, తరవాత మామూలు గది లైటులో, రెండుచోట్లా అద్దంలో చూసుకోండి.

ఇంకొకటి. రిసెప్షన్ వేదికల మీద ఈ మధ్య వాడే కొన్ని రంగు లైట్లలో అతినీలలోహిత కాంతి ఉంటుంది. ఆ వెలుతురులో అసలు పళ్లు నీలంగా వెలుగుతాయి. కొన్ని క్యాప్‌లు వెలగవు. అందరూ నవ్వుతున్న ఫోటోలో ఒకరి పన్ను ఊడిపోయినట్టు వస్తుంది. నేను ఎడిటింగ్‌లో సరిచేసిన సందర్భాలున్నాయి.

పింగాణీ పని, విజయవాడ

స్టూడియో గారు చెప్పింది నిజం. జిర్కోనియాకు ఆ గుణం దానంతట అదిగా ఉండదు. పైన వేసే పింగాణీలోనో, పూతలోనో ఆ గుణం ఉన్న పొడులు వాడాలి. ముందు పన్ను అని చీటీ మీద రాసి ఉంటే మంచి ల్యాబు అడగకుండానే వాడుతుంది.

తెనాలి పెళ్లికొడుకు

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా పళ్లు బాగానే ఉన్నాయి, కొంచెం పసుపు, ముందు రెండింటి మధ్య చిన్న సందు. పెళ్లి దగ్గరపడింది. ఆరు పళ్లకు క్యాప్‌లు వేస్తే తెల్లగా, వరుసగా వస్తాయంటున్నారు. చేయించుకోవచ్చా?

సత్యనారాయణపురం తాతగారు, విజయవాడ

ఒరే నాయనా, దేవుడిచ్చిన పళ్లు ఆరు గీకించుకుని పెళ్లిపీటల మీద కూర్చుంటావా?

వన్‌టౌన్ హోల్‌సేల్, విజయవాడ

తాతగారూ, కాలం మారింది. డబ్బున్నవాడు చేయించుకుంటాడు, తప్పేముంది? సినిమావాళ్లు చేయించుకోవడం లేదా?

క్యాప్‌ల డాక్టరమ్మ, గుంటూరు

సినిమావాళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1930లలో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటుల పళ్లకు పలచటి తొడుగులు అతికించేవాడు. షూటింగ్ అయ్యాక తీసేసేవాడు. పన్ను జోలికి వెళ్లలేదు. ఇప్పుడు ఆరు క్యాప్‌లంటే తీసి పెట్టేవి కావు. కిందున్న పన్నును చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు, కొరికే అంచున రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీయాలి. ఎంత పోతుందో 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో తూచి చూశారు. ముందు పన్నుకు పూర్తి క్యాప్ వేయడానికి చిగురు పైన కనిపించే పన్నులో 63 నుంచి 72 శాతం పోయింది. పన్ను ముందువైపు అతికించే వెనీర్ల వంటి పలచటి పనులకు రకాన్నిబట్టి 3 నుంచి 30 శాతం. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. నరం దెబ్బతిని రూట్ కెనాల్ దాకా వెళ్లేవి కూడా కొన్ని ఉంటాయి.

బాబూ, మీకు గార తీయించుకుని, తెల్లబరిపించుకుని, ఆ సందుకు రెండు పక్కలా కాంపోజిట్ కాస్త పెడితే ఒకటి రెండుసార్లలో అయిపోయే పని. నచ్చకపోతే తీసేయవచ్చు. చెడని పన్నుకు క్యాప్ వేయమంటే నేను వేయను.

తెనాలి పెళ్లికొడుకు

సందు ఉంటే అదృష్టమని మా అమ్మ అంటోంది. దాన్ని వదిలేసి తెల్లబరిపించుకుంటాను. తాతగారూ, శాంతించండి.

పల్నాటి బోరు నీళ్లు

మాది వినుకొండ వైపు పల్లె. మా తరంలో సగం మంది పళ్ల మీద గోధుమ మచ్చలు, తెల్ల చారలు ఉంటాయి. చిన్నప్పుడు బోరు నీళ్లు తాగాం, ఫ్లోరైడు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించారని చదివాను. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఫరవాలేదు అని ప్రమాణం. పెద్ద పళ్లు దవడ ఎముకలో తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే మచ్చ పడిపోతుంది, తరవాత మినరల్ వాటర్ తాగినా పోదు.

నేను ఇక్కడ రాయడానికి కారణం వేరే. నాకు ముందు పన్ను ఒకటి బండి ప్రమాదంలో విరిగింది. క్యాప్ వేసిన మొదటి డాక్టరు గారు గైడ్‌లో ఉన్న మంచి రంగు చూసి వేశారు. మచ్చల పళ్ల మధ్య మచ్చలేని పన్ను! ఊళ్లో ఎవరు పలకరించినా చూపు నేరుగా దాని మీదికే. తరవాత ఇంకో డాక్టరు గారు అది తీసి, పక్క పళ్ల ఫోటోలు దగ్గరగా తీయించి ల్యాబుకు పంపారు. ఈసారి క్యాప్‌లో పైభాగాన తెల్ల చార, నడుమ లేత గోధుమ మరక వేసి ఇచ్చారు. ఆ మరకకు అదనంగా డబ్బు తీసుకున్నారని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. కానీ అది క్యాప్ అని ఇప్పుడు ఎవరూ కనిపెట్టలేరు.

కరెన్సీనగర్ కోడలు, విజయవాడ

మరకకు డబ్బా! అయినా మీ మాటతో నాకు అర్థమైంది, నా క్యాప్‌లో లోపం ఏమిటో. దానికి ఏ లోపమూ లేదు.

ధరల సంగతి ఎవరైనా చెబుతారా? నాకు ఈ మధ్య చెప్పినవి ఇవి: మెటల్ సెరామిక్ 5,000 లోపు, జిర్కోనియా 8,000 నుంచి 15,000, ఈ-మ్యాక్స్ ఇంకాస్త పైన. ఒకే జిర్కోనియాకు ఇంత తేడా ఎందుకు?

పింగాణీ పని, విజయవాడ

పిండి కొద్దీ రొట్టె. దిమ్మె రకం ఒకటి, మొత్తం యంత్రంలోనే కోసి రంగు పూసి ఇచ్చేదా, లేక చేత్తో పొరలు వేసేదా అన్నది రెండోది. చేతి పనికి సమయం పడుతుంది. గ్యారంటీ కార్డు చూసి మోసపోవద్దు. కార్డు దిమ్మె పగలకుండా ఉండటానికి ఇస్తారు, రంగు కుదరడానికి ఎవరూ ఇవ్వరు.

బ్రాడీపేట లెక్చరర్, గుంటూరు

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పండి. మా కాలేజీలో ఆఫీసు అటెండరు కూతురికి ఇదే సమస్య.

క్యాప్‌ల డాక్టరమ్మ, గుంటూరు

విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గుంటూరు పక్కన తక్కెళ్లపాడులో సిబార్, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ దంత వైద్య కళాశాల ఉన్నాయి. ప్రోస్తోడాంటిక్స్, అంటే కట్టుడు పళ్లు, క్యాప్‌ల విభాగంలో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. బయటికంటే ఖర్చు తక్కువ. ఎక్కువసార్లు తిరగాలి, ఒక్కో పని పూటంతా పడుతుంది. కానీ పీజీలకు ముందు పన్ను కేసంటే ప్రాణం, ఫోటోలు తీసుకుని మరీ చేస్తారు.

బ్రాడీపేట లెక్చరర్, గుంటూరు

పాత క్యాప్ తీయించాను. డాక్టరమ్మ గారు అనుమానించినట్టే లోపల పన్ను టీ డికాక్షన్ రంగులో ఉంది, వేరులో లోహపు పోస్ట్. చిగురు కూడా ఎర్రగా వాచి ఉందన్నారు. పాత క్యాప్ అంచు మరీ లోపలికి దించడం వల్లనట. ఇప్పుడు తాత్కాలిక క్యాప్‌తో ఉన్నాను. పోస్ట్ మార్పించుకోవాలా? అలాగే వదిలేస్తే ఈ-మ్యాక్స్ కుదరదా?

క్యాప్‌ల డాక్టరమ్మ, గుంటూరు

గట్టిగా అతుక్కున్న పోస్ట్ లాగితే వేరు చీలే ప్రమాదం ఉంది. కింద చీము లేదు, రూట్ కెనాల్ బాగుంది అని ఎక్స్‌రేలో తేలితే దాన్ని కదపకపోవడమే మేలు. కాబట్టి లోపలి నలుపును కప్పే పని క్యాప్‌దే. ఈ స్థితిలో పలచటి ఈ-మ్యాక్స్ ఒక్కటే అయితే మాసినట్టు కనిపించే అవకాశం ఎక్కువ. ఆ మెటీరియల్‌లోనే దట్టమైన దిమ్మెలు ఉన్నాయి, లేదా వెలుతురును ఆపే జిర్కోనియా టోపీ లోపల వేసి, పైన పింగాణీ పొరలతో పన్ను పోలిక తెప్పించవచ్చు. రెండింటికీ చోటు కావాలి. ముందువైపు ఇంకాస్త అరగదీయాల్సి రావచ్చు. అంచు చుట్టూ కనీసం రెండు మిల్లీమీటర్ల అసలు పన్ను మిగిలి ఉండాలి, లేకపోతే ఏ క్యాప్ అయినా నాలుగు రోజుల ముచ్చటే.

జిర్కోనియా మీద వేసిన పింగాణీ అంచు దగ్గర పెచ్చు ఊడటం దాని బలహీనత. అందుకని నేనైతే పొరలు ముందువైపు వరకే వేయించి, కింది పళ్లు తగిలే లోపలివైపు ఉత్త జిర్కోనియాగా వదిలేయమంటాను.

చిగురు వాపు తగ్గేదాకా చివరి కొలత ఇవ్వవద్దు. తొందరపడితే వాపు తగ్గాక చిగురు పైకి పోయి మళ్లీ అంచు బయటపడుతుంది. తాత్కాలిక క్యాప్ ఊరికే కాలక్షేపానికి వేసేది కాదు. పొడవు, ఆకారం, మాట అన్నీ దాని మీదే సరిచూసుకోవాలి. ‘ఫ’ పలికినప్పుడు పన్ను అంచు కింది పెదవిలో తడి, పొడి కలిసే చోట తగలాలి. మీరు లెక్చరర్ కదా, ఒక పాఠం చెప్పి చూడండి. ‘స’ దగ్గర ఈల వస్తే, గాలి పోతే రాసుకుని వెళ్లి చెప్పండి.

బ్రాడీపేట లెక్చరర్, గుంటూరు

మాట బాగానే ఉంది. రెండు పప్పుచారు భోజనాలకే తాత్కాలిక క్యాప్ పసుపు పట్టింది. పిల్లలు ఎవరూ అడగలేదు కానీ మొదటి బెంచీ వాళ్లు కాస్త తదేకంగా విన్నారు.

క్యాప్‌ల డాక్టరమ్మ, గుంటూరు

అది ప్లాస్టిక్ జాతి, పసుపును పీల్చుకుంటుంది. అసలు క్యాప్‌కు ఆ బెడద ఉండదు. తాత్కాలికం కింద పళ్ల సందులు శుభ్రం చేసే దారం గట్టిగా లాగకుండా, చిగురు అంచున మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసుకోండి.

వన్‌టౌన్ హోల్‌సేల్, విజయవాడ

అంటే చివరికి జిర్కోనియానే కదా! మొదటే చెప్పాను.

కరెన్సీనగర్ కోడలు, విజయవాడ

బాబాయి గారూ, మీరు చెప్పింది వక్కలు నమలడానికి.

బ్రాడీపేట లెక్చరర్, గుంటూరు

ఇంకొక్క సందేహం. పక్క పన్నును పెద్ద ఫోటో తీసి చూపించారు. ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు, దాని మీద గోరు మొనంత తెల్ల మచ్చ ఉంది, నిలువుగా వెంట్రుక వాసి పగులు గీత ఉంది, అంచు ఒక మూల కొద్దిగా అరిగింది. మా ఆయనేమో డబ్బు పోసి వేయించుకునేది, అది అయినా మచ్చ లేకుండా ఉండనివ్వు అంటున్నారు. పల్నాటి వారి పోస్టు చదివాక నాకు అలా అనిపించడం లేదు. అన్నీ వేయించుకోవాలా?

పింగాణీ పని, విజయవాడ

అన్నీ వద్దు. నోరు తెరవగానే కన్ను పట్టేవి రంగు, పొడవు, అంచు ఆకారం. అరిగిన మూలను తప్పక దించాలి, లేకపోతే రెండు పళ్లకూ ఈడు కుదరదు. తెల్ల మచ్చ అచ్చు అదేచోట అద్దంలో ప్రతిబింబంలాగా వేస్తే మళ్లీ కృతకంగా ఉంటుంది. కాస్త పక్కకు, కాస్త లేతగా వేస్తాం. పగులు గీత లోపలి పొరలో అంతంతమాత్రంగా కనిపించేలా పెడితే చాలు, దానిలో టీ మరక రంగు నింపొద్దని మాత్రం మీ ల్యాబు వాళ్లకు చెప్పండి. ఆకారం చూసుకునేటప్పుడు మెరుగు పెట్టక ముందు దశలో ఒకసారి నోట్లో పెట్టి చూపించమని అడగండి. ఆ దశలో గీకడం, కలపడం తేలిక. మెరుగు పెట్టి సిమెంటు వేశాక చేసేదేమీ ఉండదు.

పల్నాటి బోరు నీళ్లు

మీ ఆయన గారితో నేను మాట్లాడమంటే మాట్లాడతానండి. మచ్చలేని పన్నుతో తిరిగినవాణ్ని.

బ్రాడీపేట లెక్చరర్, గుంటూరు

అవసరం లేదండి, ఆయనకు మీ పోస్టే చదివి వినిపించాను. మరకకు ఎంత తీసుకున్నారని అడిగారు.

షేడ్‌కు ల్యాబు మనిషిని పిలవడానికి డాక్టరు గారు ఒప్పుకున్నారు. ఉదయం పది గంటలకు, కిటికీ ఉన్న గదిలో. లేత రంగు చీర కట్టుకుని రమ్మన్నారు.

తెనాలి పెళ్లికొడుకు

డాక్టరమ్మ గారూ, క్యాప్ వేశాక లెక్చరర్ అక్క చెరకు కొరకవచ్చా? సంక్రాంతి దగ్గరకొస్తోంది.

క్యాప్‌ల డాక్టరమ్మ, గుంటూరు

చెరకు గడను ముందు పళ్లతో చీల్చడం క్యాప్‌కే కాదు, పోస్ట్ ఉన్న ఆ వేరుకు కూడా మంచిది కాదు. ముక్కలు కోసుకుని పక్క పళ్లతో నమలమనండి. దారం కొరకడం, సీసా మూత తీయడం, ఐసు గడ్డ నమలడం కూడా అంతే. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉంటే మాత్రం క్యాప్ వేసే ముందే డాక్టరుకు చెప్పాలి, రాత్రిపూట పెట్టుకునే గార్డు చేయించాలి. క్యాప్ కింది అంచు దగ్గర పన్ను పుచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. మీ తెల్లబరిచే పని ఎంతవరకు వచ్చింది?